చౌక కారు, ఖరీదైన మరమ్మతు

ఏనుగును కొనడం ఒక ఎత్తు, దాన్ని మేపడం మరొక ఎత్తు. ఏనుగుల సంగతి అలా ఉంచండి. అమెరికాలోను, యూరపు దేశాల్లోను పాత స్పోర్ట్స్ కారు కొనాలని ఉబలాటపడే కుర్రవాళ్ళకు ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది.

జర్మనీలో తయారైన పోర్షె 944 అనే కారునే తీసుకుందాం. ఇది 1982 నుంచి 1991 వరకు తయారైంది. మొత్తం లక్షా 60 వేలకు పైగా కార్లు అమ్ముడుపోయాయి. అమెరికాలో కొత్తగా వచ్చినప్పుడు దీని ధర 20 వేల డాలర్లకు కాస్త తక్కువ. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే. గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో పరుగెత్తగల ఈ కారు అప్పట్లో సామాన్యులకు అందని మ్రానిపండు. కాని 1990ల చివరికి వచ్చేసరికి ఇవే కార్లు కొత్తప్పటి ధరలో చిన్న వంతుకే అమ్మకానికి వచ్చాయి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు రెండు మూడేళ్ళు డబ్బు కూడబెడితే చాలు, కొనగలిగేవాడు.

మరి కొన్నవాళ్ళంతా సంతోషంగా ఉన్నారా? కొందరు ఉన్నారు. కొందరు మాత్రం కారు కొన్న కొద్ది నెలలకే, కొన్న ధరకు సమానమైన మరమ్మతు బిల్లు చూసి లబోదిబోమన్నారు. కారు ఒక్కటే, రకం ఒక్కటే. ఒకరికి లాభం, మరొకరికి నష్టం ఎందుకు వచ్చింది? అదృష్టం అని ఊరుకుంటే మనం విజ్ఞానశాస్త్రం చదివి ప్రయోజనం ఏముంది? కారణాలు వెదుకుదాం.

ధర తగ్గుతుంది, మరమ్మతు తగ్గదు

కారు పాతబడిన కొద్దీ అమ్మకపు ధర తగ్గుతుంది. ఇది అందరికీ తెలిసిన సంగతే. చాలామంది గమనించని సంగతి మరొకటి ఉంది. కారు పాతబడినంత మాత్రాన దాని విడిభాగాలు చౌక కావు. మెకానిక్కు కూలీ కూడా తగ్గదు. 20 వేల డాలర్ల కారుకు తయారుచేసిన పిస్టను, ఆ కారు 4 వేల డాలర్లకు అమ్ముడుపోతున్నప్పుడు కూడా పిస్టనే. దానికి పట్టే లోహం తగ్గదు. దాన్ని చెక్కడంలో చూపవలసిన నేర్పు తగ్గదు.

అంటే పాత స్పోర్ట్స్ కారు కొనేవాడు చెల్లించే ధర పాత కారుది. భరించే మరమ్మతు మాత్రం ఖరీదైన కొత్త కారుది. ఈ రెంటి మధ్య ఉన్న తేడాలోనే చిక్కంతా ఉంది.

దీనికి తోడు స్పోర్ట్స్ కారు నిర్మాణం కూడా మామూలు కారులా ఉండదు. మలుపుల్లో కారు తూలకుండా ఉండాలంటే బరువు ముందు చక్రాల మీద, వెనుక చక్రాల మీద దాదాపు సమంగా పడాలి. అందుకని 944లో ఇంజనును ముందు పెట్టి, గేర్ బాక్సును వెనుక చక్రాల దగ్గర పెట్టారు. రెంటినీ కలుపుతూ మధ్యలో పొడవైన గొట్టం ఉంటుంది. ఆ గొట్టంలో ఇరుసు తిరుగుతుంది. కారు చక్కగా మలుపు తిరుగుతుంది, నిజమే. కాని క్లచ్చి పలక అరిగినప్పుడు సంగతి చూడండి. క్లచ్చి ముందు వైపున ఇంజను వెనకాలే ఉంది. దాన్ని చేరుకోవాలంటే పొగగొట్టం విప్పాలి, వెనుక ఉన్న గేర్ బాక్సును దించాలి, మధ్య గొట్టాన్ని వెనక్కు జరపాలి. అప్పుడు గాని క్లచ్చి కనబడదు. పలక ఖరీదు కంటే దాన్ని చేరుకునే కూలీయే ఎక్కువవుతుంది. నడకలో సుఖం కోసం చేసిన ఏర్పాటే మరమ్మతులో కష్టం తెచ్చిపెట్టిందన్నమాట.

ఒక బెల్టు కథ

944 కొనేవాళ్ళను అన్నిటికంటే ఎక్కువగా భయపెట్టేది ఒక రబ్బరు బెల్టు. అది ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఇంజను లోపలికి తొంగిచూడాలి.

పెట్రోలు ఇంజనులో పిస్టను సిలిండరు లోపల పైకీ కిందికీ కదులుతుంది. సిలిండరు పైకప్పులో వాల్వులు, అంటే కవాటాలు ఉంటాయి. ఒకటి తెరుచుకుంటే పెట్రోలు కలిసిన గాలి లోపలికి వస్తుంది. మరొకటి తెరుచుకుంటే కాలిన వాయువులు బయటికి పోతాయి. పిస్టన్ల కదలికను చక్రాల వైపు పంపేది క్రాంక్ షాఫ్టు. వాల్వులను తెరిచేది కామ్ షాఫ్టు. ఈ రెండు షాఫ్టులూ ఒక తాళానికి కట్టుబడి తిరగాలి. క్రాంక్ షాఫ్టు రెండుసార్లు తిరిగేసరికి కామ్ షాఫ్టు సరిగ్గా ఒకసారి తిరగాలి. ఆ తాళం తప్పకుండా రెంటినీ కలిపి ఉంచేదే పళ్ళ బెల్టు. దీన్ని టైమింగ్ బెల్టు అంటారు.

రైసు మిల్లులో చదునైన బెల్టును మీరు చూసే ఉంటారు. అది కాస్త జారినా బియ్యం ఆలస్యంగా వస్తాయి, అంతకు మించి నష్టం లేదు. టైమింగ్ బెల్టు మాత్రం ఒక్క పన్ను కూడా జారడానికి వీల్లేదు. అందుకనే దాని లోపలి వైపు పళ్ళు ఉంటాయి. అవి చక్రాల పళ్ళలో ఇమిడిపోతాయి. సాగకుండా ఉండడానికి రబ్బరు లోపల గాజు నూలు తాళ్ళు పొదుగుతారు. పెద్ద సంఖ్యలో తయారైన కార్లలో ఇలాంటి బెల్టును మొదట వాడింది జర్మనీకే చెందిన గ్లాస్ 1004. అది 1960ల తొలి రోజుల కారు. అంతకు ముందు ఈ పనికి ఇనుప గొలుసులు, పళ్ళ చక్రాలు వాడేవారు. బెల్టు చౌక, చప్పుడు తక్కువ, నూనె అక్కరలేదు. ఒకటే లోపం: గొలుసు అరిగితే గలగలమని హెచ్చరిస్తుంది. బెల్టు మాత్రం చాలాసార్లు ఏ చప్పుడూ చేయకుండానే తెగిపోతుంది.

ఢీకొనే ఇంజను, ఢీకొనని ఇంజను

తెగితే ఏమవుతుంది? ఇక్కడ ఇంజన్లు రెండు జాతులుగా విడిపోతాయి.

944 ఇంజనులో పిస్టను పైకి వచ్చినప్పుడు చేరే చోటు, వాల్వు తెరుచుకున్నప్పుడు దిగే చోటు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఒకే గదిని ఇద్దరు వంతులవారీగా వాడుకున్నట్లు, వాల్వు తప్పుకున్నాక పిస్టను వస్తుంది, పిస్టను వెళ్ళాక వాల్వు దిగుతుంది. ఆ వంతులు నిర్ణయించేది బెల్టే. బెల్టు తెగగానే కామ్ షాఫ్టు ఆగిపోతుంది. కొన్ని వాల్వులు తెరుచుకున్నవి తెరుచుకున్నట్లే నిలిచిపోతాయి. క్రాంక్ షాఫ్టు మాత్రం కారు వేగం వల్ల ఇంకా తిరుగుతూనే ఉంటుంది. పిస్టన్లు పైకి దూసుకువచ్చి వాల్వులను ఢీకొంటాయి.

ఎంత వేగంతో ఢీకొంటాయో ఒక చిన్న లెక్క వేద్దాం. 944లో పిస్టను ఒక వైపు కదిలే దూరం 78.9 మిల్లీమీటర్లు. ఇంజను నిమిషానికి 6,000 సార్లు తిరుగుతోందనుకోండి. అంటే సెకనుకు 100 సార్లు. ఒక్కొక్క చుట్టులో పిస్టను ఒకసారి పైకి, ఒకసారి కిందికి వెడుతుంది. కాబట్టి సెకనుకు అది కదిలే దూరం 2 × 78.9 × 100 = 15,780 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 15.8 మీటర్లు. గంటకు సుమారు 57 కిలోమీటర్లన్నమాట! ఇది సగటు వేగం మాత్రమే. అదే సమయంలో ఒక్కొక్క వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఇంత హడావిడిలో తాళం తప్పితే వాల్వుల కాడలు వంగిపోవడంలో వింతేముంది? ఇంజను పై భాగం మొత్తం విప్పి, వాల్వులు మార్చి, మళ్ళీ బిగించాలి. పిస్టన్లు కూడా దెబ్బతింటే ఖర్చు ఇంకా పెరుగుతుంది.

అన్ని ఇంజన్లూ ఇలా ఉండవు. జపానులోని మాజ్డా కంపెనీ 1989లో ఎమ్.ఎక్స్-5 అనే చిన్న స్పోర్ట్స్ కారును విడుదల చేసింది. 2016 నాటికి ఈ పేరుతో పది లక్షల కార్లు తయారయ్యాయి. మొదటి ఎమ్.ఎక్స్-5లో ఉన్న 1.6 లీటర్ల ఇంజనుకు కూడా పళ్ళ బెల్టే ఉంది. ఐతే అందులో పిస్టను ఎంత పైకి వచ్చినా, వాల్వు ఎంత కిందికి దిగినా రెంటి మధ్య కాస్త ఖాళీ మిగులుతుంది. బెల్టు తెగితే కారు ఆగిపోతుంది, అంతే. కొత్త బెల్టు వేసుకుని ప్రయాణం సాగించవచ్చు.

రెండు కార్లలోనూ తెగింది బెల్టే. ఒకదాంట్లో అది అసౌకర్యం, మరొకదాంట్లో పెద్ద ప్రమాదం. కాబట్టి పాత కారు కొనేవాడు వేసుకోవలసిన మొదటి ప్రశ్న "ఏది పాడవుతుంది?" అన్నది కాదు. "అది పాడైతే దానితోపాటు ఇంకేమేమి పాడవుతాయి?" అన్నది.

944లో మరొక విశేషం ఉంది. ఇంజనును చల్లబరిచే నీటి పంపును తిప్పేది కూడా ఈ బెల్టే. పంపు బేరింగు బిగుసుకుపోతే బెల్టుకు గండం. పంపు కారితే చల్లబరిచే ద్రవం బెల్టు మీద పడవచ్చు. అందుకని తెలిసిన మెకానిక్కు బెల్టు మార్చేటప్పుడు పంపును, బెల్టును బిగించి ఉంచే చిన్న చక్రాలను కూడా పరీక్షించి, అనుమానం ఉంటే అప్పుడే మార్చేస్తాడు. ఎలాగూ విప్పిన చోట మళ్ళీ విప్పే కూలీ కలిసివస్తుంది కదా!

నడవని కారు కూడా ముసలిదవుతుంది

"ఈ కారు చాలా తక్కువ తిరిగింది. షెడ్డులోనే ఉంది." పాత కార్లు అమ్మేవాళ్ళు తరచుగా చెప్పే మాట ఇది. వినడానికి బాగానే ఉంటుంది. కాని రబ్బరు సంగతి తెలిసినవాడు ఈ మాటకు మురిసిపోడు.

1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే అది గట్టిపడి, సాగే గుణం నిలుపుకుంటుందని కనుక్కున్నాడు. రబ్బరులో పొడవైన అణువులు దారాల్లా అల్లుకుని ఉంటాయి. గంధకం ఆ దారాల మధ్య వంతెనలు వేస్తుంది. ఐతే కాలం గడిచిన కొద్దీ గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ ఈ దారాలపై దాడిచేస్తాయి. కొన్ని దారాలు తెగుతాయి. కొన్నిచోట్ల అక్కరలేని కొత్త వంతెనలు ఏర్పడతాయి. రబ్బరు పెళుసెక్కి, వంచితే పగుళ్ళు చూపుతుంది. వేడి ఈ పనిని త్వరపరుస్తుంది. ఇంజను పక్కన ఉండే బెల్టుకు వేడి కొదవేముంది?

ఈ రసాయన చర్యకు కారు నడిచిందా లేదా అన్నదానితో పనిలేదు. అందుకనే టైమింగ్ బెల్టుకు రెండు గడువులు పెడతారు: ఇన్ని కిలోమీటర్లు, లేదా ఇన్ని సంవత్సరాలు, ఏది ముందైతే అది. పదేళ్ళు కదలకుండా నిలిచిన కారులో బెల్టు కొత్తదిలా కనబడవచ్చు. దాని వయస్సు మాత్రం పదేళ్ళే. తొలి 944 కార్ల క్లచ్చి పలక మధ్యలో కుదుపు తగ్గించడానికి రబ్బరు దిమ్మ ఉండేది. ఏళ్ళు గడిచాక ఆ రబ్బరు చిట్లిపోవడం వల్ల, పలక అంచులు అరగకపోయినా క్లచ్చి మార్చవలసి వచ్చేది.

తుప్పు చేసే దొంగపని

రబ్బరు తరవాత రెండో శత్రువు తుప్పు. దీనికి మంచి ఉదాహరణ ఇంగ్లండులో తయారైన ఎమ్.జి.బి. అనే కారు. 1962 నుంచి 1980 వరకు 5 లక్షలకు పైగా తయారైన ఈ స్పోర్ట్స్ కారు ఇంజను చాలా సాదా రకం. మరమ్మతు సులువు. ఇందులో వాల్వులకు తాళం వేసేది బెల్టు కాదు, గొలుసు. మరి భయం దేనికి? శరీరానికి!

లారీకి కింద బలమైన చట్రం వేరుగా ఉంటుంది. ఎమ్.జి.బి.కి అలాంటి చట్రం లేదు. వంచిన ఉక్కు రేకులను అతికి చేసిన శరీరమే బరువంతా మోస్తుంది. చాలా ఎమ్.జి.బి.లకు గట్టి పైకప్పు కూడా లేదు, బట్ట కప్పు మాత్రమే. ఒక అగ్గిపెట్టె తీసుకోండి. పుల్లలు ఉండే లోపలి అర ఒక్కటే చేత్తో పట్టుకుని మెలితిప్పి చూడండి. సులువుగా మెలికపడుతుంది. పై డొప్పలో దూర్చి మళ్ళీ తిప్పండి. అంత సులువుగా లొంగదు. పైకప్పు లేని కారు ఆ లోపలి అరలాంటిది. దానికి బలమిచ్చేవి తలుపుల కింద ముందునుంచి వెనక్కు ఉండే పెట్టెలాంటి రేకు దూలాలు. వాటి లోపల చేరిన తేమ బయటికి పోదు. తుప్పు లోపలినుంచి తినుకుంటూ వస్తుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది!

ఇనుముకు తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఉప్పు కలిస్తే పని మరీ త్వరగా జరుగుతుంది. ఎందుకంటే ఉప్పునీటిలోని అయానులు విద్యుత్తును సులువుగా పోనిస్తాయి. తుప్పు పట్టడం నిజానికి చిన్న చిన్న బ్యాటరీలు పనిచేయడం లాంటిదే. ఇంగ్లండు, అమెరికా ఉత్తరభాగం వంటి చలిదేశాల్లో శీతకాలంలో రోడ్లమీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిస్తే నీరు సున్నా డిగ్రీల కంటే దిగువకు పోతేగాని గడ్డకట్టదు. ప్రయాణికుల ప్రాణాలు కాపాడే ఆ ఉప్పే కార్ల ప్రాణాలు తీస్తుంది.

944 శరీరపు ఉక్కుకు ఈ విషయంలో రక్షణ ఉంది. దానికి జింకు పూత పూశారు. మన ఇళ్ళలో తెల్లని ఇనుప బకెట్లకు ఉండేది ఇదే పూత. జింకు ఇనుము కంటే చురుకైన లోహం. పూత మీద గీత పడినా ముందు తాను కరిగిపోయి ఇనుమును కాపాడుతుంది. ఐతే 944లో కూడా బలహీనమైన చోటు ఒకటుంది. ఇంజను వెనుక బ్యాటరీ కూచునే గూడు. బ్యాటరీనుంచి ఆమ్లం కారితే జింకూ ఆగదు, ఇనుమూ ఆగదు. అక్కడ చిల్లు పడితే వాననీరు కారు లోపలికే వస్తుంది.

ప్రాణాలతో చెలగాటమాడే నీటిబొట్టు

బెల్టు తెగితే డబ్బు పోతుంది. బ్రేకు పోతే ప్రాణమే పోవచ్చు. అందుకని పాత కారులో ముందుగా చూడవలసింది బ్రేకులే.

కాలితో తొక్కిన ఒత్తిడిని చక్రాల దాకా మోసేది బ్రేకు ద్రవం. ద్రవాలను నొక్కితే కుదించుకుపోవు. అందువల్ల ఇక్కడ నొక్కిన పీడనం అక్కడ అలాగే పనిచేస్తుంది. మీరు చదువుకున్న పాస్కల్ సూత్రమే ఇది. ఐతే మామూలుగా వాడే బ్రేకు ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఏళ్ళ తరబడి మార్చకపోతే అందులో నీరు చేరుతుంది. అమెరికా ప్రమాణం ప్రకారం "డాట్ 4" రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. నూటికి 3.7 వంతుల నీరు చేరాక అదే హద్దు 155 డిగ్రీలకు దిగిపోతుంది.

మరిగితే ఏమవుతుంది? ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవంలా కాక ఆవిరి సులువుగా కుదించుకుపోతుంది. తొక్కిన పెడలు నేలదాకా పోతుంది గాని కారు ఆగదు. 1,200 కిలోల కారు సెకనుకు 30 మీటర్ల వేగంతో, అంటే గంటకు 108 కిలోమీటర్లతో పోతున్నదనుకోండి. దాని గతిజశక్తి సగం × 1,200 × 30 × 30 = 5,40,000 జౌళ్ళు. ఒక్కసారి ఆపితే ఈ శక్తిలో అధికభాగం బ్రేకుల్లో వేడిగా మారుతుంది. దాదాపు 1.8 లీటర్ల నీటిని 30 డిగ్రీలనుంచి మరిగే దాకా కాచడానికి సరిపడే వేడి ఇది! ఘాటు రోడ్డు దిగుతూ పదేపదే బ్రేకు వేస్తే ఎంత వేడి పుడుతుందో ఊహించుకోండి. ఇంత ప్రమాదాన్ని తప్పించడానికి కావలసింది మరమ్మతుల్లోకెల్లా చౌకైన మరమ్మతు: రెండేళ్ళకోసారి కొత్త ద్రవం.

వైద్యుడిలా పరీక్ష చేయాలి

డాక్టరు రోగి కడుపు కోయకుండానే నాడి చూసి, నాలుక చూసి, రక్తపు పోటు కొలిచి చాలా సంగతులు కనిపెడతాడు. కారును విప్పకుండానే మంచి మెకానిక్కు కూడా అంతే చేస్తాడు.

పొగ రంగు: ఇంజను వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే ఇంజను నూనె కాలుతున్నట్లు. ఆగకుండా తెల్లని పొగ వస్తుంటే చల్లబరిచే ద్రవం సిలిండర్లలోకి కారుతున్నదని అనుమానించాలి. నల్లని పొగ ఐతే పెట్రోలు ఎక్కువగా పోతోందన్నమాట.

నూనె రంగు: ఇంజను నూనె పాలు కలిపిన కాఫీలా కనబడితే అందులో నీరు కలిసిందని అర్థం.

అయస్కాంతం: పలచని గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని కారు రేకు మీద అక్కడక్కడా ఆనించాలి. తుప్పు తిన్న చోట లప్పం పూసి రంగు వేసి ఉంటే అక్కడ అయస్కాంతం పట్టదు. రంగు కంటిని మోసం చేయగలదు గాని అయస్కాంతాన్ని మోసం చేయలేదు.

సంపీడన పరీక్ష: ఇది అన్నిటిలోకీ ముచ్చటైనది. స్పార్కు ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో పీడనమాపకం బిగించి ఇంజనును స్టార్టరుతో తిప్పుతారు. ఒక్కొక్క సిలిండరు గాలిని ఎంత గట్టిగా నొక్కగలదో తెలుస్తుంది. నాలుగు సిలిండర్లలో 12, 12, 11.5, 7 అని అంకెలు వచ్చాయనుకోండి. నాలుగో సిలిండరులో గాలి ఎటో తప్పించుకుపోతున్నది. ఎటు? ప్లగ్గు రంధ్రంలో చెంచాడు నూనె పోసి మళ్ళీ కొలుస్తారు. ఈసారి అంకె బాగా పెరిగితే పిస్టను చుట్టూ ఉండే రింగులు అరిగాయన్నమాట. నూనె ఆ సందులు కాసేపు మూసింది. అంకె పెరగకపోతే లోపం వాల్వుల్లోనో గాస్కెట్టులోనో ఉంది. ఒక చెంచాడు నూనె, ఒక చిన్న తర్కం: ఇంజను విప్పకుండానే రోగం ఎక్కడుందో తేలిపోయింది!

ఇన్ని పరీక్షలు చేసినా బయటినుంచి తేలని సంగతి ఒకటుంది. బెల్టు వయస్సు. దాన్ని చెప్పగలిగేది మరమ్మతుల పుస్తకం, తేదీ వేసిన బిల్లులు మాత్రమే. "ఈ మధ్యనే మార్పించాను" అన్న మాటకు కాగితం లేకపోతే, మార్చలేదనే అనుకోవాలి. అమ్మేవాడు అబద్ధమాడుతున్నాడని కాదు. ఒకరికి "ఈ మధ్య" అంటే రెండేళ్ళు, ఇంకొకరికి ఎనిమిదేళ్ళు!

దిగులుకు బదులు లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. కొనాలా, వద్దా? ఊరికే దిగులుపడితే జవాబు రాదు. లెక్క వేస్తే వస్తుంది. లెక్క కోసం కొన్ని అంకెలు ఊహించుకుందాం.

కారు ధర 5,000 డాలర్లు. బెల్టు, దాని చక్రాలు, నీటి పంపు మార్చడానికి 1,000. మార్చకుండా తిప్పి అది తెగితే వాల్వుల మరమ్మతు, కొత్త బెల్టు అన్నీ కలిపి 5,000. పాత బెల్టు తెగే అవకాశం మూడింట ఒకటి అనుకుందాం. అప్పుడు మార్చకపోవడం వల్ల సగటున జరిగే నష్టం 5,000లో మూడో వంతు, అంటే సుమారు 1,667 డాలర్లు. 1,000 ఖర్చుపెట్టి బెల్టు మార్చడమే లాభం. అవకాశం అయిదింట ఒకటే ఐతే? 5,000లో అయిదో వంతు 1,000. రెండూ సమానం. అంతకంటే తక్కువ ఐతేనే ఆగడం లాభసాటి. వయస్సు తెలియని బెల్టును అంతగా ఎవరు నమ్ముతారు?

మరొక లెక్క. మొదటి కారు ధర 3,500. మరమ్మతుల కాగితాలేవీ లేవు. రెండో కారు ధర 4,500. బెల్టు, క్లచ్చి నిరుడే మార్చినట్లు బిల్లులున్నాయి. ఏది చౌక? మొదటిదాంట్లో బెల్టు పనికి 1,000 కలిపితేనే ధరలు సమానమయ్యాయి. క్లచ్చి కూడా అవసరమైతే మొదటిదే ఖరీదు. అందుకనే ఈ కార్లతో బాగా పరిచయం ఉన్నవాళ్ళు చేతిలో ఉన్న డబ్బంతా కారు ధరకే పెట్టరు. 5,000 ఉంటే 3,500కో 4,000కో కారు చూసుకుని, మిగిలినది మొదటి ఏడాది మరమ్మతులకు విడిగా దాచుతారు. అలా దాచినవాడికి బెల్టు బిల్లు ముందే తెలిసిన ఖర్చు. దాచనివాడికి అదే పిడుగుపాటు.

బెల్టు తెగిన కారును చాలామంది బాగుచేయించరు. కారు ధరా, మరమ్మతు ఖర్చూ సమానమైనప్పుడు బాగుచేయించడం దండగ అనుకుంటారు. శరీరం గట్టిగా ఉన్నా, సీట్లు బాగున్నా, గేర్లు చక్కగా పడుతున్నా ఆ కారు పాత ఇనుము కొట్టుకు పోతుంది. దాని విడిభాగాలు ఇతర కార్లలో కొన్నాళ్ళు బతుకుతాయి. వెయ్యి డాలర్ల పని వాయిదా వేసినందువల్ల ఒక మంచి యంత్రం మొత్తం పోయింది. ఐతే బిల్లులో సగానికి పైగా కూలీ అయ్యే పనులు చాలా ఉంటాయి. పని నేర్చుకుని, సరైన పనిముట్లతో, కారును జాకీ మీద మాత్రమే వదలకుండా కింద గట్టి ఆధారాలు పెట్టి తానే చేసుకునేవాడికి లెక్క మారిపోతుంది. పాత స్పోర్ట్స్ కార్లలో చాలా వాటిని నేటిదాకా రోడ్డు మీద నిలిపింది ఇలాంటివాళ్ళే.

చేసి చూడండి, లెక్క వేయండి

1. మూడు గాజు సీసాల్లో మూడు ఇనుప మేకులు వేయండి. ఒకదాంట్లో మామూలు నీరు, రెండో దాంట్లో ఉప్పు నీరు మేకు సగం మునిగేలా పోయండి. మూడో దాంట్లో బాగా మరగకాచి చల్లార్చిన నీరు నిండా పోసి, పైన కాస్త మంచినూనె వేసి మూత పెట్టండి. వారం రోజుల తరవాత ఏ మేకుకు ఎక్కువ తుప్పు పట్టిందో చూసి, కారణం రాయండి.

2. ఒక కొత్త రబ్బరు బ్యాండును చీకటి డబ్బాలో, మరొకదాన్ని సాగదీసి అట్టకు తొడిగి ఎండ తగిలే కిటికీలో ఉంచండి. రెండు నెలల తరవాత రెంటినీ వంచి చూడండి. రెండూ వాడనివే. మరి తేడా ఎందుకు వచ్చింది?

3. పిస్టను ఒక వైపు కదిలే దూరం 80 మిల్లీమీటర్లు. ఇంజను నిమిషానికి 3,000 సార్లు తిరుగుతోంది. పిస్టను సగటు వేగం ఎంత? (జవాబు: సెకనుకు 8 మీటర్లు.)

4. మీ ఇంట్లో సైకిలు గాని, స్కూటరు గాని, నీటి మోటారు గాని ఉంటే దానికొక చిన్న నోటుపుస్తకం పెట్టండి. ఏ భాగం ఏ తేదీన మార్చారో, ఎంత ఖర్చయిందో రాయండి. ఏడాది తరవాత తీసి చూడండి. ఏ భాగం వంతు తరవాత రాబోతున్నదో ఆ పుస్తకమే మీకు చెబుతుంది.